లైసెన్స్ ఎవరి పేరున, వీసా ఎవరి మీద: గల్ఫ్‌లో చిన్న వ్యాపారంపై పాఠకుల ప్రశ్నలు

దుబాయ్, షార్జాల్లో సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టాలనుకుంటున్న వరంగల్, కరీంనగర్ వైపు కుటుంబాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. లైసెన్స్ ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ అంకెలు ఇవ్వడం లేదు. నిలకడగా ఉన్న నిబంధనలు, తేదీలు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పరకాల. పదేండ్లుగా దుబాయ్‌లో ఉంటున్నం. మా ఆయన ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. పిల్లలిద్దరు, ఒకరు ఐదో తరగతి, ఒకరు యూకేజీ. సంక్రాంతికి నేను చేసే సకినాలు, గరిజెలు తెలిసినోళ్లు అడిగి మరీ కొంటున్నరు. ఇదే వ్యాపారంగ చేద్దామని ఉంది. మా ఆయన ఉద్యోగం మానేసి నాతోని కలుస్తనంటున్నడు. ఎక్కడ మొదలుపెట్టాలె?

జవాబు: ఉద్యోగం మానడంతో మాత్రం మొదలుపెట్టకండి. మీ ముగ్గురి వీసాలు, పిల్లల బడి, ఇంటి అద్దె అన్నీ ప్రస్తుతం ఆ జీతం మీదే నిలబడి ఉన్నాయి. కుటుంబాన్ని స్పాన్సర్ చేయడానికి నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి. కంపెనీయే ఇల్లు ఇస్తుంటే 3,000 చాలు. ఆయన రాజీనామా చేస్తే ఆయన వీసాతో పాటు మీవీ రద్దు దారి పడతాయి. అప్పుడు వ్యాపారం మీద ఇన్వెస్టర్ వీసా తీసుకుని, దాని మీద మళ్లీ అందరినీ ఎక్కించుకోవాలి. మొదటి ఏడాదే దుకాణం దెబ్బతింటే పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది.

తేలిక దారి ఇంకొకటి ఉంది. మీరు భర్త వీసా మీదే ఉంటూ, ఆయన నిరభ్యంతర పత్రంతో లైసెన్స్‌ను మీ పేరున తీసుకోవచ్చు. దానికి ఇన్వెస్టర్ వీసా తప్పనిసరి కాదు. అలాగైతే వ్యాపారం ఆగినా ఇంట్లో ఎవరి వీసా కదలదు. ఈ ఒక్క ఏర్పాటు మిగతా అన్నింటికంటే ముఖ్యమని మా గట్టి అభిప్రాయం.

ఆయన సాయం సంగతి. డ్యూటీ అయ్యాక వచ్చి మీ వంటగదిలో పనిచేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చట్టం దృష్టిలో కాదు. ఆయన పర్మిట్ ఆయన కంపెనీకే పరిమితం. కార్మిక మంత్రిత్వ శాఖ నుంచి పార్ట్‌టైమ్ పర్మిట్ తీసుకుంటే తప్ప ఇంకొక చోట పనిచేయకూడదు. పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల వరకు ఉంది. విజిట్ వీసా మీద వచ్చిన తమ్ముడైనా, చుట్టమైనా ఇదే లెక్క.

ఇక ఇంట్లో వండి అమ్మడం గురించి. దుబాయ్‌లో ప్రవాసులకిచ్చే ట్రేడర్ లైసెన్స్ సేవలకే వర్తిస్తుంది, తినుబండారాలకు పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు తీసుకుని ఇంటి పొయ్యి మీద చేసి పంపడం ఎంతమంది చేస్తున్నా అది లైసెన్స్ లేని అమ్మకమే. సొంత దుకాణం అవసరం లేకుండా నడిచే మార్గం షేర్డ్ కిచెన్. మునిసిపాలిటీ ఆహార అనుమతి ఉన్న వంటశాలను గంటల లెక్కన లేదా షిఫ్టు లెక్కన అద్దెకు తీసుకుని, మీ ట్రేడ్ లైసెన్స్‌ను ఆ చిరునామాకు కట్టుకోవడం. అడ్వాన్స్ ఇచ్చే ముందు రెండు అడగండి: వాళ్ల అనుమతిలో నూనెలో వేయించే పిండివంటలున్నాయా, ఇంకొకరి లైసెన్స్‌ను ఆ చిరునామా మీద ఒప్పుకుంటారా. ఈ రెండూ రాతలో లేకుండా డబ్బు కట్టినవాళ్లు లైసెన్స్ దశలో ఇరుక్కుంటారు. ఆహారం ముట్టుకునే ప్రతి మనిషికీ ఆరోగ్య కార్డు, శిక్షణ ఉండాలి. ఆహార భద్రతకు బాధ్యుడిగా ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఒకరుండాలి. ఆ పరీక్ష మీరే రాయండి.

వంటకాల ఎంపికలో ఆశ తగ్గించుకోండి. సకినాలు, మురుకులు, గరిజెలు, అంతే. పచ్చళ్లు, సర్వపిండి ఇప్పుడే వద్దు. సర్వపిండి ఆ పూటకే బాగుంటుంది. పచ్చడికి ఎన్నాళ్లు నిలవ ఉంటుందో ల్యాబ్‌లో తేల్చుకునే పని ఉంటుంది.

సకినాల విషయంలో ఇంటి కొలతకూ అమ్మకం కొలతకూ తేడా పిండి దగ్గరే వస్తుంది. సూపర్‌మార్కెట్ పొడి బియ్యప్పిండితో చేస్తే రాళ్లలా వస్తాయి. కిలో బియ్యం కడిగి ఐదారు గంటలు నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి పూర్తిగా ఆరకముందే పట్టించాలి. 150 గ్రాముల నువ్వులు, రెండు మూడు చెంచాల ఓమ, తగినంత ఉప్పు. మిక్సీలో ఎక్కువ మోతాదు పడితే పిండి వేడెక్కి తడి పోతుంది, చుట్టేటప్పుడు తెగుతుంది. నెలకు ఇరవై కిలోలు దాటితే చిన్న పిండిమర కొనక తప్పదు. పిండి పలుచనైతే నూనె తాగుతుంది. బట్ట మీద వేశాక ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పైపొర ముందే ఆరి పగుళ్లిస్తుంది. తీసిన తర్వాత పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. లోపల ఆవిరి చిక్కితే రెండో రోజుకే మెత్తబడతాయి. కవర్లలో పంపితే సగం ముక్కలుగా చేరతాయి కనుక గట్టి డబ్బాలే వాడండి. వాడిన నూనెలో కొత్త నూనె కలిపి పొదుపు చేయబోతే మొదట వాసన, తర్వాత పేరు, రెండూ పోతాయి. ఎండాకాలం డెలివరీ బైకు పెట్టెలో వేడికి ఆ వాసన ఇంకా తొందరగా బయటపడుతుంది.

డబ్బా మీద అరబిక్‌లో లేబుల్ ఉండాలి. పదార్థం పేరు, దినుసులు, నికర బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, చేసినవారి పేరు. నువ్వులు అలర్జీ దినుసుల కిందికి వస్తాయి, విడిగా కనిపించేలా రాయాలి. వేల లేబుళ్లు అచ్చు వేయించే ముందు ఒక నమూనాను మునిసిపాలిటీ ఆహార విభాగానికి చూపించండి.

ధర కట్టేటప్పుడు అందరూ నూనెనూ, తమ కైకిలినీ మరిచిపోతారు. మూకుడులో పోసిన నూనెను తూకం వేయండి, వాయిలన్నీ అయ్యాక మిగిలింది తూకం వేయండి. తగ్గినదంతా సకినాల ఖర్చే. విరిగిన ముక్కలు, డబ్బా, డెలివరీ, కిచెన్ గంటలు, ఏడాది లైసెన్స్ ఖర్చులో పన్నెండో వంతు, మీ గంటకు ఒక కూలీ, ఇవన్నీ కలిపాకే లాభం మాట. మీ కూలీ కట్టకుండా వచ్చే లాభం లాభం కాదు.

పిల్లల సంగతి ఇందులోనే ఉంది. సకినాల గిరాకీ అంతా డిసెంబర్, జనవరిల్లో. అక్కడి ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తాయి కాబట్టి, మీ పని ఉధృతంగా ఉన్నప్పుడే వార్షిక పరీక్షలు దగ్గరపడతాయి. ఇప్పుడు ఐదో తరగతి కాబట్టి నడుస్తుంది. పదో తరగతికొచ్చేసరికి జనవరిలో బోర్డు ప్రాక్టికల్స్ ఉంటాయి. అందుకని సంక్రాంతి ఆర్డర్లకు ఇప్పటి నుంచే ఒక పరిమితి పెట్టుకుని, ముందు డబ్బు కట్టినవారికే ఇవ్వడం అలవాటు చేయండి.

ప్రశ్న: మాది సిరిసిల్ల. షార్జాలో ఒక టైలరింగ్ షాపులో పన్నెండేండ్లు చేసిన. ఇప్పుడు జాకెట్లు, మగ్గం పని సొంతంగ పెడదామని చూస్తున్న. గ్రాట్యుటీ పైసలే పెట్టుబడి. ఊరి నుంచి ఇద్దరు మగ్గం పనోళ్లను తెచ్చుకోవాలె. భార్య, పాప నాతోనే ఉన్నరు.

జవాబు: ముందు గ్రాట్యుటీ ఎంతో సరిగ్గా లెక్కేసుకోండి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. పన్నెండేళ్లకు 105 రోజులు, 210 రోజులు కలిపి 315 రోజుల మూల వేతనం. అలవెన్సులు ఇందులో రావు. చాలామంది మొత్తం జీతం మీద లెక్కేసుకుని షాపు మాట్లాడుకుంటారు, చేతికొచ్చేది చూసి కంగుతింటారు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో యజమాని ఇది చెల్లించాలి. డబ్బు ఖాతాలో పడేదాకా అద్దె ఒప్పందం మీద సంతకం చేయకండి.

2021 జూన్ నుంచి ఎక్కువ రకాల వ్యాపారాలకు స్థానిక భాగస్వామి వాటా అక్కర్లేదు. ఎవరైనా 51 శాతం తన పేరున ఉండాలని చెబితే నమ్మకండి, మీ వ్యాపారం పేరు చెప్పి ఆర్థికాభివృద్ధి శాఖ కౌంటర్‌లో అడగండి. షాపు చూసేటప్పుడు బాగుందా లేదా అన్నది తర్వాత, ముందు ఆ గదికి టైలరింగ్ అనుమతి వస్తుందా అని కనుక్కోండి. ఒప్పందాన్ని మునిసిపాలిటీలో ధ్రువీకరించుకోవాలి, దుబాయ్‌లో అయితే ఎజారీ అనే అద్దె ఒప్పందాల నమోదు. బోర్డు మీద అరబిక్ పేరు తప్పనిసరి.

దెబ్బతీసేది అద్దె చెక్కులు. ఏడాది అద్దెను రాబోయే తేదీలు వేసిన రెండు లేదా నాలుగు చెక్కులుగా ముందే ఇమ్మంటారు. నాలుగు కంటే తక్కువకు ఒప్పుకోకండి, అద్దె కాస్త పెంచినా సరే. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు చాలక చెక్కు తిరిగొస్తే సాధారణంగా క్రిమినల్ కేసు కాదు. కానీ ఖాతాలో ఉన్నంత డబ్బు బ్యాంకు ఊడ్చి ఇచ్చేస్తుంది, మిగతా దానికి అవతలివాళ్లు నేరుగా వసూలు కోర్టుకు వెళ్లవచ్చు, ప్రయాణ నిషేధం పడవచ్చు. చెల్లించకుండా ఖాతా మూసేస్తే అది నేరమే. కాబట్టి చెక్కు తేదీలు, లైసెన్స్ రెన్యువల్, వీసా రెన్యువల్, పాప ఫీజు గడువు, ఇవన్నీ ఒకే క్యాలెండర్ మీద రాసి చూడండి. ఒకే నెలలో మూడు పడుతుంటే సంతకానికి ముందే అద్దె మొదలయ్యే తేదీని జరపమని అడగండి. గిరాకీ లేక మూతపడే షాపులకంటే ఒకే నెలలో ఇవన్నీ మీద పడి మూతపడేవే ఎక్కువ అని మేం నమ్ముతాం. ఆరు నెలల అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని, పాప ఏడాది ఫీజును దానికి వేరుగా ఇంకో ఖాతాలో ఉంచండి. ఆ ఖాతా కార్డు షాపులో ఉండకూడదు.

పనివాళ్ల విషయం. ఇద్దరిలో ఎవరైనా పదో తరగతి పాస్ కాకపోతే వాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (విదేశీ ఉద్యోగానికి ప్రభుత్వ అనుమతి అవసరమైనది) కిందికి వస్తుంది. ఉద్యోగ వీసా మీద యూఏఈకి రావాలంటే మీరు భారత ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో యజమానిగా నమోదై, వాళ్లకు హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫీసు అనుమతి రావాలి. విజిట్ వీసా మీద రప్పించి ఇక్కడ మార్చుకుందామనే సలహా వినకండి. వాళ్లకు ఏదైనా జరిగితే బీమా, పరిహారం ఏదీ దక్కదు. వీసా, టికెట్, పర్మిట్ ఖర్చులు యజమానివే, వాళ్ల జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. జీతం బ్యాంకు ద్వారా పడాలి. గడువు దాటి 15 రోజులైతే ఆలస్యం కింద నమోదవుతుంది. మగ్గం పనికి ముక్క లెక్కన ఇద్దామనుకున్నా కాంట్రాక్టులో రాసిన మూల వేతనం తగ్గకూడదు.

మిషన్లలో జాకెట్లకు ఒక లాక్‌స్టిచ్ పవర్ మిషన్, ఒక మూడు దారాల ఓవర్‌లాక్, పీకో మిషన్ ఒకటి చాలు. పాత క్లచ్ మోటారు చవకగా వస్తుంది కానీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కరెంటూ చప్పుడూ ఎక్కువ. సర్వో మోటారు కుట్టేటప్పుడే తిరుగుతుంది. చిన్న గదిలో రోజంతా కూర్చునేవాళ్లకు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

పన్నులు భయపడేంతగా లేవు, మరిచిపోతే మాత్రం ఖరీదు. పన్నెండు నెలల అమ్మకం 3,75,000 దిర్హాములు దాటితే 30 రోజుల్లో వ్యాట్ నమోదు చేసుకోవాలి. లేకుంటే 10,000 దిర్హాముల జరిమానా. వ్యాట్ 5 శాతం. కార్పొరేట్ పన్ను వేరే. 3,75,000 దాటిన లాభం మీద 9 శాతం. మీ పేరున ఏకవ్యక్తి సంస్థగా నడిపితే ఏడాది అమ్మకం పది లక్షల దిర్హాములు దాటేదాకా అది మీకు వర్తించదు. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ)గా పెడితే మొదటి రోజు నుంచే నమోదు, ఏటా రిటర్ను. అమ్మకం 30 లక్షల లోపు ఉన్నవారికి 2026 డిసెంబర్ 31 లోపు ముగిసే కాలాలకు చిన్న వ్యాపార ఊరట ఉంది. పన్ను పడదు, రిటర్ను మాత్రం వేయాల్సిందే. ఏజెంట్లు ఈ తేడా చెప్పకుండా ఎల్ఎల్‌సీ అంటగడుతుంటారు. అప్పులు ఎక్కువగా తెచ్చే వ్యాపారమైతే ఎల్ఎల్‌సీ రక్షణ పనికొస్తుంది. ముగ్గురి టైలరింగ్ షాపుకు మాత్రం ఏకవ్యక్తి సంస్థ చాలు.

ప్రశ్న: ఊరి నుంచి వచ్చేటప్పుడు అత్తమ్మ దంచిన మసాలా తెచ్చుకుని కర్రీ పాయింట్‌లో వాడుకోవచ్చా? (హన్మకొండ)

జవాబు: అందులో గసగసాలు ఉంటే తేనేకూడదు, చిటికెడైనా. యూఏఈలో గసగసాలు నిషేధ మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి, విమానాశ్రయంలో పట్టుబడితే జైలు. మన మటన్ మసాలాలో, కొన్ని గరం మసాలాల్లో ఇవి మామూలుగా పడతాయి కనుక దంచేవారికి ముందే చెప్పండి. గసగసాలు లేకున్నా, ఇంట్లో దంచిన లేబుల్ లేని పొడిని అమ్మే వంటలో వాడితే తనిఖీలో పారబోయిస్తారు. మసాలా దినుసులు అక్కడే కొని, అక్కడే దంచించుకోండి.

ప్రశ్న: నా కొడుకు, కోడలు దుబాయ్‌లో చిన్న సూపర్‌మార్కెట్ నడుపుతున్నరు. పని ఎక్కువై మనుమన్ని నర్సంపేటలో మా దగ్గర ఉంచి చదివియ్యాలని అంటున్నరు. ఇప్పుడు ఆరో తరగతి. ఎప్పుడు తేవాలె? తర్వాత ఇక్కడ డాక్టర్ సీటుకు అడ్డమొస్తదా?

జవాబు: అడ్డమొచ్చే వీలుంది, అందుకే తేదీలు జాగ్రత్తగా చూడాలి. తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా సీటుకు స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు, అంటే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలో చదివి ఇక్కడే పరీక్ష రాసి ఉండాలి. 2024 జులైలో జీవో 33తో వచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. తాత ఇల్లు నర్సంపేటలో ఉంది, ఓటు ఇక్కడే ఉంది అన్నది లెక్కలోకి రాదు. బడి ఎక్కడ అన్నదే లెక్క. ఇంజినీరింగ్‌కూ నాలుగేళ్ల చదువే ప్రధాన ఆధారం.

ఇంకోటి చాలామందికి తెలియదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల స్థానికతకు 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూస్తారు. బాబు ఆరో తరగతి దాకా దుబాయ్‌లోనే చదివాడు కాబట్టి అటువైపు ఇప్పటికే ఇబ్బంది ఉంటుంది. డాక్టర్ చదువుకు మాత్రం సమయం మిగిలే ఉంది.

మా సూచన, ఎనిమిదో తరగతికి తీసుకురండి, తొమ్మిదికి ఆలస్యం చేయకండి. సీబీఎస్ఈ తొమ్మిదిలోనే విద్యార్థి పేరు నమోదు చేస్తుంది. పదిలో బడి మార్చాలంటే బోర్డు అనుమతి కావాలి. ఎనిమిదిలో వస్తే తెలుగుకు ఒక ఏడాది దొరుకుతుంది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్ఈతో సహా అన్ని బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. అక్కడ అరబిక్, హిందీ చదివిన పిల్లవాడికి అక్షరాలు కూడా రాకపోవచ్చు. ఇప్పటి నుంచే వారానికి మూడు రోజులు వీడియో కాల్‌లో మీరే నేర్పండి. ముందు గుణింతాలు, తర్వాత వాడికిష్టమైన కథలు. బడి ట్యూషన్ కంటే తాత చెప్పిన తెలుగు తొందరగా అంటుతుంది.

వచ్చేటప్పుడు టీసీ మీద అక్కడి విద్యాశాఖ, విదేశాంగ శాఖ ముద్రలు వేయించుకుని రావాలి. ఇక్కడికొచ్చాక వాటి కోసం తిరగడం కష్టం. ఇంకోమాట. ఆరు నెలలకు మించి యూఏఈ బయట ఉంటే బాబు రెసిడెన్స్ వీసా చెల్లకుండా పోవచ్చు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి అక్కడికి పంపే ఖర్చును లెక్కలో వేసుకోండి. ఆ పర్యటన వీసాకే కాదు, తల్లిదండ్రులతో ఉండటానికీ వాడికి అవసరం.

ప్రశ్న: షార్జాలో అల్లుడి హోటల్‌కు పది లక్షలు సర్దుతామని అనుకుంటున్నం. ఎకరం అమ్మాల్నా, మిత్తికి తేవాల్నా? (జగిత్యాల)

జవాబు: మిత్తికి మాత్రం వద్దు. నూటికి రెండు రూపాయల చొప్పున పది లక్షలకు నెలకు 20,000 మిత్తి, ఏడాదికి 2,40,000. కొత్త హోటల్ మొదటి నెలల్లో అద్దె, జీతాలు వెళ్లదీసుకోవడమే గగనం. మిత్తి కట్టడానికి అల్లుడు ఇంటి ఖర్చు కోస్తాడు, ఆ భారం మీ బిడ్డ మీద పడుతుంది.

భూమి అమ్మాలనుకుంటే, పట్టణ పరిధికి దూరంగా ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకంపై ఆదాయపు పన్ను పడదు. కానీ డబ్బును బ్యాంకు ద్వారానే పంపండి, హుండీ వద్దు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. పది లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను) పట్టుకుంటారు, అది రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి పది లక్షల దగ్గరే ఆగితే ఆ చిక్కు లేదు. బిడ్డ పేరున బహుమతిగా పంపండి. తండ్రి ఇచ్చిన బహుమతికి ఆమెకు పన్ను లేదు, హోటల్‌లో ఆ వాటా ఆమె పేరున రాయించమని అడిగే హక్కూ మీకుంటుంది.

అల్లుడు ఇంకా ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతానే వాడుతుంటే దాన్ని ఎన్ఆర్ఓగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతాగా) మార్పించండి, అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరిపించండి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా రావచ్చు. ఇప్పుడు అమ్మిన ఎకరం రేపు అల్లుడు సంపాదించి తిరిగి తన పేరున కొనలేడు. అది గుర్తుంచుకునే అమ్మండి.

ప్రశ్న: అజ్మాన్‌లో మాకు వచ్చే నెల పాప పుట్టబోతోంది. కొత్తగా లైసెన్స్ తీసుకున్న హడావిడిలో ఉన్నాం. ముందుగా ఏ కాగితాలు? (ములుగు)

జవాబు: పుట్టిన రోజు నుంచి 120 రోజుల్లో బిడ్డ రెసిడెన్స్ వీసా పూర్తవ్వాలి, దాటితే రోజువారీ జరిమానా. వీసాకు పాస్‌పోర్ట్ కావాలి, పాస్‌పోర్ట్‌కు జనన ధ్రువపత్రం కావాలి. కనుక ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ఇదే మొదటి పని. ఏడాది లోపు ఇండియన్ కాన్సులేట్‌లో జననం నమోదైతేనే పౌరసత్వానికి చిక్కు రాదు. మీ పెళ్లి ధ్రువపత్రానికి హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర ఇప్పటికే లేకపోతే ఈ వారమే మొదలుపెట్టించండి. పాస్‌పోర్ట్ దరఖాస్తులో బిడ్డ ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో వచ్చేవారిపై 2022 నవంబర్‌లో అక్కడ ఆంక్షలు పెట్టారు.